ఏమీ వాయించని లీడర్

మొన్న రాజురాలో మా దూరపు చుట్టాల పెళ్ళికి ఆర్కెస్ట్రా పెట్టారు. పాడే అబ్బాయి బాగానే పాడాడు. పాట అయిపోగానే మైకు దించి నీళ్ళ సీసా అందుకున్నాడు. కీబోర్డు ఇంకా పాటలోనే ఉంది. సంగతి గ్రహించి కీబోర్డు ఆగేసరికి ఆక్టోప్యాడ్ కొత్త రౌండు ఎత్తుకుంది. చివరికి ఢోలక్ ఒక్కటే మిగిలి, చుట్టూ చూసుకొని, పిలవని ఇంటికి వచ్చినవాడిలా మెల్లగా తప్పుకుంది. చప్పట్లు ఎక్కడ కొట్టాలో జనానికి అర్థం కాలేదు. భోజనాల వైపు కదిలారు.

నేను ప్లేటు పట్టుకొని నవ్వుతుంటే మా ఆవిడ అడిగింది.

"ఏమైంది? కూరల ఏమన్న పడ్డదా?"

"లేదు. ఒక్క పాట నాలుగు దిక్కుల అయిపోయింది."

"అయితే అయింది. పాట మంచిగనే ఉండె గద."

పాట మంచిగానే ఉంది. మా ఆవిడను తప్పు పట్టను. ఆమె మా లీడర్ చేతి కింద పని చెయ్యలేదు.

మహారాష్ట్రలోని మా చంద్రపూర్‌లో లీడర్ అనగానే తెల్ల చొక్కా, వెనక నాలుగు బళ్ళు గుర్తొస్తాయి కాబట్టి ముందే చెప్పాలి. నేను చెబుతున్నది మా విద్యాపీఠం, అంటే విశ్వవిద్యాలయం, కేంద్రంలో విద్యార్థులు నడుపుకొన్న ఆర్కెస్ట్రా లీడర్ గురించి. నాకంటే ఒక ఏడాది పెద్ద. నేను అక్కా అనేవాణ్ణి, మిగతావాళ్ళు మరాఠీలో తాయీ అనేవాళ్ళు. పేరు రాయను. ఆమెకు తెలుగు మాట్లాడటం వచ్చినంత బాగా చదవడం రాదు. మరాఠీ బడిలో చదివిన మా తెలుగువాళ్ళందరి సంగతీ అంతే. మా అమ్మ పోరు పడలేక నేను అక్షరాలు నేర్చుకున్నాను, అంతే తేడా. కాబట్టి ఆమె ఇది చదివే ప్రమాదం తక్కువ. ఎవరైనా చదివి వినిపిస్తే మాత్రం, "తమ్ముడు లంబ చేసి సాగదీసిండు, ముందుగాల్నే ఆపితే అయిపోవు" అంటుంది.

ఆమె ఎప్పుడు పుట్టింది, తోబుట్టువులు ఎందరు, ఇవేవీ నాకు సరిగా తెలియవు. తెలంగాణ సరిహద్దున ఉన్న లక్కడ్‌కోట్ నుంచి రోజూ ఎస్టీ బస్సులో, అంటే అక్కడి ఆర్టీసీలో, వచ్చేది. ఇంట్లో పత్తి వేసేవాళ్ళు. భూగర్భశాస్త్రం చదివేది. ఇప్పుడు కోర్పనా వైపు ఏదో బడిలో పాఠాలు చెబుతోందని ఒకరన్నారు. కాదు, సున్నపురాయి తవ్వేచోట ఉద్యోగమని ఇంకొకరన్నారు. రెండూ నమ్మదగ్గవే. పిల్లల్నీ రాళ్ళనీ ఆమె ఒకే రకంగా చూస్తుంది. ముందు తట్టి చూస్తుంది.

మా కేంద్రం ఊరు దాటాక, బొగ్గు గని ఎటు పెరుగుతుంటే అటువైపు ఉండేది. విద్యార్థులే నడిపే ఆర్కెస్ట్రా అని గొప్పగా చెప్పుకొనేవాళ్ళం. నడపడానికి ఇంకెవరూ ముందుకు రాలేదన్నది దాని వెనక ఉన్న సంగతి. ఒక హార్మోనియం, ఒక తబలా జత కేంద్రానివి. కీబోర్డు, ఢోలక్ ఎవరివి వాళ్ళవి. వయొలిన్ కూడా ఉండేది. దాన్ని వాయించే అమ్మాయి సెలవు పెట్టినప్పుడు అది ఎంతో బాగుండేది.

ఈ ఆర్కెస్ట్రాకు ఒక ఆచారం ఉంది. లీడర్‌ను ప్రతి ఏడూ దీపావళి సెలవుల తరువాత, వాయించేవాళ్ళే చేతులెత్తి ఎన్నుకొంటారు. లీడర్ అయినవాళ్ళు స్టేజీ మీద ఏదీ వాయించకూడదు, పాడకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు కాని బాధపడినవాళ్ళే పెట్టి ఉంటారు. అంతకుముందు హార్మోనియం వాయించేవాడు లీడర్ అయితే పాటంతా హార్మోనియమే వినిపించేదట. తబలా లీడరైన ఏడు పాటలో మాటలు వినిపించలేదట. గాయకుడు లీడరైన ఏడు మిగతావాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయారట. నియమం మంచిదే. దానివల్ల వచ్చిన చిక్కేమిటంటే, లీడర్ పదవి అనగానే అందరూ పక్కవాడి పేరు చెప్పేవాళ్ళు.

ఆ ఏడు అలా పక్కవాళ్ళ పేర్లు చెప్పుకొని గొడవ పడుతుంటే, ఆమె గది మూలన కూర్చొని రొట్టె తింటోంది. ఆర్కెస్ట్రాకూ ఆమెకూ సంబంధం లేదు. క్యాంటీన్‌లో గోల భరించలేక, మా గది నిశ్శబ్దంగా ఉంటుందని రోజూ వచ్చేది. మా సాధన ఎంత జోరుగా సాగేదో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

గొడవ ముదిరింది. ఆమె నోట్లో ముద్ద ఉండగానే చెయ్యి కొంచెం లేపింది.

"జర మెల్లగ. తింటున్న."

అందరూ ఊరుకున్నారు. ఒకరి తరువాత ఒకరు కాదు, అందరూ ఒక్కసారే. ఆ గదిలో అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు. మా ఢోలక్ వాయించేవాడు, వరోరా వాడు, దాన్ని కనిపెట్టాడు. "ఈ తాయీనే చేద్దాం" అన్నాడు. చేతులు లేచాయి.

ఆమె రొట్టె ముక్క డబ్బాలో పెట్టి నా వైపు చూసింది. గదిలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే.

"తమ్మీ, నాకు సరిగమ ఎర్క లేదు."

"నీ క్వాలిఫికేషన్ గదే అక్కా."

"మరి నేనేం చెయ్యాలె?"

"చెయ్యి ఊపాలె."

"గంతేనా?"

"గంతే."

ఆమె డబ్బా మూత పెట్టింది. "అయితే రేపు బస్సు దిగంగనే వస్త. అందరు ఉండాలె" అంది. ఇక్కడ ఒక మాట. ఆమె మిగతావాళ్ళతో మాట్లాడింది మరాఠీలోనే. కాని ఆమె ఏ భాషలో ఏమన్నా నా చెవికి లక్కడ్‌కోట్ తెలుగులోనే వినిపించేది. కనుక అలాగే రాస్తున్నాను.

అందులో నా పనేమిటని ఎవరైనా అడగవచ్చు. పాటకూ పాటకూ మధ్య మైకు పట్టుకొని మాట్లాడటం. దాన్ని మరాఠీలో సూత్రసంచాలన అంటారు, వినడానికి చాలా బరువుగా ఉంటుంది. తబలావాడు శ్రుతి చేసుకొనేదాకా జనాన్ని కుర్చీల్లోంచి లేవకుండా ఉంచడమే దాని సారం. మొదటిరోజు ఆమె నన్ను కూడా తాళం వెయ్యమంది. వేశాను. కాసేపు విని, "తమ్మీ, నువ్వు మాట్లాడు" అంది. నా సంగీత జీవితం అక్కడ ముగిసింది.

సాధన మొదలైనరోజు ఆమె వాళ్ళను పాట వాయించమంది. వాయించారు. పెళ్ళిలో ఆర్కెస్ట్రా లాగే ఎవరికి తోచినచోట వాళ్ళు ఆగారు. ఆమె ఢోలక్‌వాణ్ణి అడిగింది.

"నువ్వెందుకు ఆగలె?"

"నాకు ఆగడం అలవాటు లేదు తాయీ."

అతను అబద్ధం చెప్పలేదు. వాళ్ళ ఇంట్లో తండ్రి, బాబాయిలు అందరూ పెళ్ళి బ్యాండులో ఉన్నవాళ్ళు. ఊరేగింపులో పాటకు ముగింపు ఉండదు. పెళ్ళికొడుకు స్నేహితులు ఉండనివ్వరు. పెళ్ళికొడుకును మోసే గుర్రం మండపం ముందుకు వస్తే పాట అయిపోయినట్టు. అంటే అప్పటిదాకా అతని పాటలన్నీ ముగించింది గుర్రమే.

"ఎత్తుకునుడు ఎవ్వలకైన వస్తది" అంది ఆమె. "ఆగుడు రావాలె ముందు."

ఇక కొన్ని వారాలు ఆగడమే నేర్చుకొన్నాం. ఏదో ఒక ముక్క ఎత్తుకోవడం, ఆమె "ఒకటి, రెండు, మూడు, ఆగు" అనగానే ఆపెయ్యడం. మళ్ళీ ఎత్తుకోవడం, మళ్ళీ ఆపడం. దారిన పోయేవాళ్ళు మా గదిలో ఏదో యంత్రం చెడిపోయిందనుకొన్నారు. లెక్క మాత్రం ఆమె తెలుగులోనే పెట్టేది. దానివల్ల మరాఠీ పిల్లలందరికీ ఆ నాలుగు మాటలు వచ్చేశాయి. టీ కొట్టువాడు పాలు పోస్తుంటే కూడా ఢోలక్‌వాడు "ఆగు" అనేవాడు. తరువాతి కాలంలో ఆ నాలుగు మాటలతోనే తెలంగాణ వెళ్ళి పెళ్ళిళ్ళలో వాయించి వచ్చాడు. భాషకు ఇబ్బందేమీ కాలేదని చెప్పాడు.

ఆమె ఎవరినీ తిట్టేది కాదు. కోపం వస్తే మర్యాద పెరిగేది. "తమరు ఇంకోసారి వాయించే కృప చేస్తరా" అని కీబోర్డు అబ్బాయితో అన్నప్పుడు వాడి చెవులు ఎర్రబడటం నేను చూశాను. ఇంకో అలవాటు ఉంది. ఎవరైనా తప్పు వాయిస్తే వాళ్ళ వైపు చూసేది కాదు. వాళ్ళ పక్కవాళ్ళ వైపు చూసేది. పక్కవాడు తప్పు చేసినవాడి వైపు చూసేవాడు. పని అయిపోయేది. మెచ్చుకోవడం ఆమెకు తెలిసినట్టు లేదు. ఒకసారి వయొలిన్ అమ్మాయి ఒక స్వరం ఎక్కడా వణకకుండా పట్టింది. మేమంతా ఆశ్చర్యంగా తిరిగి చూశాం. ఆమె "నడుస్తది" అంది. ఆ అమ్మాయి ఆ రోజు ఇంటికి వెళ్ళి పండగ చేసుకొన్నదని విన్నాను.

ఎండ మొదలయ్యాక ఎడమచేతిలో తడిపిన చేతిరుమాలు ఉండేది. కుడిచెయ్యి మా కోసం, ఎడమచెయ్యి ఆమె కోసం. రుమాలు ఆరిపోతే సాధనకు విరామం. మా ఊళ్ళో అది ఎంతో సేపు పట్టదు.

గని సంగతి చెప్పాలి. మధ్యాహ్నం గనిలో పేలుడు పెడతారు. ముందు సైరన్ మోగుతుంది. సైరన్ ఆగిన కాసేపటికి నేల కింద ఎవరో బీరువా పడేసినట్టు ధబ్బుమంటుంది. మా గది పైన రేకులు వణికేవి. రేకుల మీది దుమ్ము హార్మోనియం మెట్ల మీద పడేది. సైరన్ ఆగగానే పాట ఎత్తుకొంటే సరిగ్గా రెండో చరణం దాటేచోట ఆ చప్పుడు వచ్చేది, పాట కుప్పకూలేది, మళ్ళీ మొదటి నుంచి.

కొన్నాళ్ళు చూసి ఆమె ఒకనాడు అంది. "గని ఆగదు. మనమే ఆగుదం."

అప్పటి నుంచి రెండో చరణం కొసన ఆమె చెయ్యి పైకి లేపేది. అందరూ ఆగేవాళ్ళు. పేలుడు వినబడేది. దాని వెనకాలే మూడో చరణం ఎత్తుకొనేవాళ్ళు. పేలుడు ఆలస్యమైన రోజున చెయ్యి అలాగే గాలిలో ఉండేది, వాద్యాల మీద వేళ్ళు అలాగే ఉండేవి, అందరూ నేల వైపు చూస్తుండేవాళ్ళు. చూడగా చూడగా గని కూడా ఆర్కెస్ట్రాలో చేరిపోయింది. టైమ్ పాటించే సభ్యుల్లో అదే మెరుగు.

ఇలా నడుస్తుండగా మా కేంద్రానికి కొత్త డైరెక్టర్ వచ్చాడు. మంచి మనిషి. మంచి మనుషులతో వచ్చే చిక్కు తెలిసిందే, వాళ్ళు మన మేలు కోరతారు. ఆమెను పిలిపించాడు. నేను కూడా వెళ్ళాను. మాట్లాడటానికి పనికొస్తానని ఆమె తీసుకెళ్ళింది, తరువాత మాట్లాడనివ్వలేదు.

"ఇది నీ ఆఖరి సంవత్సరం" అన్నాడు డైరెక్టర్ సర్. "నువ్వు వెళ్ళిపోయాక దీన్ని ఎవరు నడుపుతారు?"

"ఎవలో ఒకలు నడుపుతరు సర్."

"ఎవరు?"

ఆమె ఒక వేలు ముడిచి, మళ్ళీ విప్పింది.

"అదే నా బాధ" అన్నాడాయన. "పిల్లలు వస్తారు, పోతారు. ఊళ్ళో ఒక సంగీతం సర్‌తో మాట్లాడాను. జూన్ నుంచి ఆయన చూసుకొంటారు. ఎవరిని తీసుకోవాలో, ఏం వాయించాలో ఆయనే నిర్ణయిస్తారు. మీకు శ్రమ తప్పుతుంది." ఆమె ముఖం చూసి కొంచెం తగ్గాడు. "నాగపూర్‌లో జరిగే కాలేజీ ఆర్కెస్ట్రాల పోటీలో ఏదైనా స్థానం తీసుకురండి. అప్పుడు ఆలోచిద్దాం."

గదికి వచ్చి ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఢోలక్‌వాడు, "సర్ వస్తే మంచిదే కదా తాయీ, సరిగ్గా నేర్పుతాడు" అన్నాడు.

"నేర్పుతడు. నాకంటె మంచిగనే నేర్పుతడు. కని చేతులెత్తేది ఉండదు. ఎవలు ఉండాలె, ఎవలు పోవాలె ఆయన చెప్తడు. మీరు వస్తరు, వాయిస్తరు, పోతరు."

ఢోలక్‌వాడు ఢోలక్‌ను దగ్గరికి లాక్కున్నాడు. "నన్ను ఏ సర్ తీసుకుంటాడు?" అన్నాడు. ఆ రోజు సాధన ఎన్నడూ లేనంత శ్రద్ధగా జరిగింది.

నాగపూర్‌లో హాలు పెద్దది. తలుపులు మూస్తే బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి చల్లదనం బయటికి పోదు. మా వాళ్ళు చెమట పట్టకుండా వాయించడం అదే మొదటిసారి. నేను నా నాలుగు మాటలూ చెప్పి తెర పక్కకు వచ్చి నిలబడ్డాను. పాట ఎత్తుకొన్నారు. బాగా ఎత్తుకొన్నారు. మొదటి చరణం అయ్యేసరికి ముందు వరసలో మాట్లాడుకొంటున్నవాళ్ళు ఊరుకొన్నారు. రెండో చరణం కూడా అలాగే సాగింది. దాని కొసన ఆమె చెయ్యి లేపింది.

అందరూ ఆగారు. కత్తితో కోసినట్టు ఆగారు.

అప్పుడు నాకు ఆమె ముఖం కనిపించింది. ఊరు దాటిన బస్సులో కూర్చొని, ఇంట్లో పొయ్యి ఆర్పలేదని గుర్తొచ్చిన మనిషి ముఖం. వెంటనే చెయ్యి దించింది, ఎత్తుకోమన్నట్టు. ఒక్కరు కదలలేదు. నెలల తరబడి వాళ్ళు మూడో చరణం ఎత్తుకొన్నది ఆమె చెయ్యి చూసి కాదు, పేలుడు విని. ఢోలక్‌వాడు రెండు చేతులూ గాలిలో పెట్టుకొని నేల వైపు చూస్తున్నాడు. వయొలిన్ అమ్మాయి కూడా నేల వైపే చూస్తోంది. నాగపూర్ ఆ రోజు చాలా ప్రశాంతంగా ఉంది.

ఆమె ఇంకోసారి చెయ్యి ఊపింది. లాభం లేదు. అప్పుడు కుడికాలు ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి, చెక్క స్టేజీని తన్నింది. చెప్పు పట్టీ తెగి అవతల పడింది. మూడో చరణం లేచింది. ఆమె ఒంటిచెప్పుతో చివరిదాకా చెయ్యి ఊపింది. చప్పట్లు గట్టిగానే పడ్డాయి.

న్యాయనిర్ణేతల్లో శాలువా కప్పుకొన్న పెద్దాయన ఒకరున్నారు. ఆయన లేచి, లీడర్‌ను ముందుకు రమ్మన్నారు.

"ఆ నిశ్శబ్దం ఎవరి ఆలోచన? అంతసేపు ఆగడానికి ధైర్యం కావాలి. దాని తరువాత ఆ కాలి దెబ్బ. ఎవరు కూర్చారు ఇది?"

తెర పక్కన నేను, నా వెనక కీబోర్డు అబ్బాయి, మెడలు చాచి నిలబడ్డాం. ఇక ఆమె చెయ్యవలసిందల్లా సిగ్గుపడుతున్నట్టు తల వంచడమే. మామూలుగా ఆడపిల్లలకూ మగపిల్లలకూ కూడా అది చేతనవుతుంది.

"కూర్చింది గాదు సర్" అంది ఆమె. "మా దిక్కు గని ఉన్నది. ఆ టైముకు పేలుస్తరు. దానికోసం ఆగుడు మాకు అలవాటు. ఇక్కడ గని లేదని మరిచిపోయిన. తప్పు నాదే."

హాలులో నవ్వులు వినిపించాయి. పెద్దాయన నవ్వలేదు. "చాలా నిజాయితీగా చెప్పావమ్మా" అన్నారు. పోటీల్లో ఆ మాట వినిపించిందంటే ఇక సామాను సర్దుకోవచ్చు. మేం సర్దుకొన్నాం. ఏ స్థానమూ రాలేదు.

తిరుగు రైలెక్కాం. ఆమె కిటికీ పక్కన కూర్చొని, తెగిన చెప్పును పిన్నీసుతో బిగించుకొంటోంది. హింగన్‌ఘాట్ దాటాక ఢోలక్‌వాడు ఆగలేకపోయాడు.

"తాయీ, ఆయన ఇచ్చేటట్టే ఉన్నాడు. ఊరికే ఉంటే సరిపోయేది. అబద్ధం కూడా చెప్పనక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు."

ఆమె చెప్పు మీంచి తల ఎత్తలేదు.

"తీసుకుంటె వచ్చే ఏడు గూడ గక్కడ్నే ఆగాలె. ఆ మల్ల ఏడు గూడ. ఎందుకు ఆగుతున్నమని కొత్తోళ్ళు అడిగితె ఎవలు చెప్తరు? ప్రైజొచ్చింది గందుకే ఆగుతున్నమంటరా?"

"వచ్చే ఏడు ఉంటే కదా" అన్నాడు అతను.

వరోరాలో ఢోలక్ భుజాన వేసుకొని దిగిపోయాడు. ప్లాట్‌ఫారం మీద నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, కిటికీలోంచి తన చెప్పుల జత లోపలికి అందించాడు. "ఇంటిదాకా ఏం నడుస్తావు ఆ పిన్నీసుతో" అని, ఒట్టి కాళ్ళతో వెళ్ళిపోయాడు. అతని చెప్పులు ఆమెకు చాలా పెద్దవి. ఆమె వేసుకొంది.

మరునాడు డైరెక్టర్ సర్ గదిలోకి వెళ్ళాం. సంగీతం సర్‌కు పంపాల్సిన కాగితం ఆయన బల్ల మీదే ఉంది, సంతకం ఒక్కటే మిగిలింది. ఆయన నిజంగానే బాధపడుతున్నాడు.

"మీరు బాగా వాయించారని విన్నాను. గొప్పగా నడిపావు. అందుకే అంటున్నాను, నువ్వు పోయాక ఇది నిలవదు."

"నేను పోయినంక ఎట్లుంటదో ఇయ్యాల్నే వినున్రి సర్."

"ఎలా వింటాను?"

"నేను చెయ్యి ఊపను. మీ పక్కన కూసుంట. వాళ్ళంతట వాళ్ళు వాయిస్తరు. మంచిగ లేకుంటె సంతకం పెట్టున్రి."

"నాకు మీటింగు ఉంది."

"మీరు రానక్కర లేదు సర్. మేమే మీ వరండాలకు వస్తం."

ఆయన గడియారం చూసుకొన్నాడు. వద్దనడానికి కారణం దొరకలేదు.

వరండాలో ఫీజు కిటికీ ముందు పెద్ద వరస ఉంది. ప్యూను బెంచీ జరిపి హార్మోనియంకు చోటిచ్చాడు. సంగతి అప్పుడే తెలిసిన మా వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు.

"తాయీ, మరి ఎత్తుకోమని ఎవరు చెప్తారు?" అన్నాడు ఢోలక్‌వాడు.

"నాకేం ఎర్క?" అని, ఆమె వెళ్ళి డైరెక్టర్ సర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకొంది.

మొదటిసారి హార్మోనియం ఒకవైపు, కీబోర్డు ఒకవైపు లేచాయి. ఫీజు వరసలో ఎవరో ఈల వేశారు. ఆపేశారు. ఆమె తల ఎత్తలేదు, తన కాలివేళ్ళు చూసుకొంటోంది. డైరెక్టర్ సర్ కలం మూత తీశాడు. ఢోలక్‌వాడు వయొలిన్ అమ్మాయి వైపు చూశాడు. ఆ అమ్మాయి గట్టిగా ఊపిరి తీసుకొని తల ఆడించింది. ఈసారి అందరూ కలిసి లేచారు.

మొదటి చరణం నిలబడింది. వరసలో ముందుకు జరగవలసినవాళ్ళు జరగడం మరిచిపోయారు. రెండో చరణంలో కీబోర్డు అబ్బాయి తొందరపడి ముందే దూరాడు. నాకే తెలిసిందంటే ఎంత పెద్ద తప్పో ఊహించవచ్చు. ఆమె చేతులు కుర్చీలోంచి సగం బయటికి వచ్చాయి. వాటిని మళ్ళీ కిందికి తోసి, కళ్ళు మూసుకొంది.

హార్మోనియం తనంతట తాను తగ్గింది. వయొలిన్ అమ్మాయి ఒకే స్వరం పట్టుకొని సాగదీస్తూ ఉండిపోయింది, అన్నం వడ్డించేదాకా విస్తరి పట్టుకొని ఆగినట్టు. ఢోలక్‌వాడు హంగులన్నీ మానేసి, ఉత్త లెక్క ఒక్కటే వాయించాడు. కీబోర్డు అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి కాని చేతులు ఆపలేదు. వెతుక్కొని, వెతుక్కొని, దారిలోకి వచ్చాడు. హార్మోనియం మళ్ళీ లేచింది. వరసలో ఒక్కరికీ ఏమీ తెలియలేదు. డైరెక్టర్ సర్ కలంతో కుర్చీ చెయ్యి మీద తాళం వేస్తున్నాడు.

ఆమె కళ్ళు తెరిచేసరికి, పేలుడు కోసం ఆగకుండానే, పాట మూడో చరణంలో ఉంది.

అయిపోయాక ఫీజు వరసే చప్పట్లు కొట్టింది. డైరెక్టర్ సర్ కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకొన్నాడు. "సంగీతం సర్‌కు నేను ఫోన్ చేస్తాను. ఈ ఏడు అక్కర్లేదని చెబుతాను" అన్నాడు. ఆ మాట మా వాళ్ళకు వినిపించిందో లేదో చెప్పలేను. వాళ్ళు అప్పటికే కీబోర్డు అబ్బాయి చుట్టూ మూగి, నువ్వెందుకు దూరావంటే నువ్వెందుకు తగ్గావని పోట్లాడుకొంటున్నారు. ఎవరి తప్పో తేలకపోవడంతో, ఇకపై ఎవరు చెబితే వినాలన్న దగ్గరికి వచ్చింది. దీపావళిదాకా ఎందుకు, ఇప్పుడే ఎన్నుకొందామని ఎవరో అన్నారు. వయొలిన్ అమ్మాయి అయితే మేలని ఇంకెవరో అన్నారు. ఆ అమ్మాయి స్టేజీ మీద వాయించదంటే అందరికీ సమ్మతమే. వరండాలో చేతులు లేచాయి. కుర్చీలో కూర్చున్న ఆమెను ఒక మాట అడగాలని ఎవరికీ తోచలేదు.

డైరెక్టర్ సర్ ఆ చేతుల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. వెటకారం లేదు, నిజంగానే తెలియక అడిగాడు.

"మరి ఇన్నాళ్ళూ నువ్వు చేసిందేమిటమ్మా?"

ఆమె తొడల కింది నుంచి చేతులు తీసి, తిమ్మిరి పోయేదాకా నలుపుకొంది.

"నాకు గూడ ఇయ్యాల్నే డౌటొచ్చింది సర్" అంది.